గింజ కొలత ఒకటే, కూర రోజుకొకటి: బెంగళూరులో ఒక షుగర్ కేసు

షుగర్ ఉన్నవాళ్లకు తిండి గురించి రెండు సలహాలు ఎప్పుడూ జంటగా అందుతాయి. "వేళ తప్పకుండా, ఒకే కొలతలో తినండి" అన్నది ఒకటి. "రకరకాలు తినండి" అన్నది రెండోది. రెండూ సరైనవే. ఏది మారకూడదో, ఏది మార్చుకోవచ్చో విడమరిచి చెప్పకపోతే మాత్రం రెండూ కలిసి మనిషిని తికమక పెడతాయి. ఈ కేసులో మొదటి సలహాను పట్టుకుని ఒకసారి, రెండోదాన్ని పట్టుకుని ఒకసారి బోల్తా పడ్డారు. ఎక్కడ, ఎందుకు పడ్డారో దగ్గరగా చూస్తే పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాం, కొన్ని వదిలేశాం.

నేపథ్యం

51 ఏళ్ల గృహిణి. పుట్టిల్లు రాయలసీమలో, కాపురం ఇరవై ఏళ్లుగా బెంగళూరు తూర్పు వైపున. ఇంట్లో భర్త, కాలేజీ చదివే కొడుకు, 78 ఏళ్ల అత్తగారు. వంటంతా ఈమెదే. టైప్ 2 మధుమేహం బయటపడి ఆరేళ్లు. షుగర్ మాత్రలు రెండు రకాలు: మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, పొద్దున టిఫిన్‌తో గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ మామూలుగానే ఉన్నాయి కాబట్టి పప్పులూ ఆకుకూరలూ తగ్గించాల్సిన పని లేదు. హిమోగ్లోబిన్ 12.3, అంటే రక్తహీనత లేదు. ఇది కావాలనే చూశాం. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్ష) ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఈ వయసు ఆడవాళ్లలో రక్తహీనత సాధారణం. అది చూడకుండా తిండిని తప్పుపట్టకూడదు.

సమస్య

డిసెంబరులో తిండి సలహా కోసం మా దగ్గరికి వచ్చినప్పుడు హెచ్‌బీఏ1సీ 8.4. ఏప్రిల్‌లో 8.9 ఉండి, ఆగస్టు మొదట్లో 7.8కి దిగి, మళ్లీ ఎక్కింది. పరగడుపున 148 నుంచి 165 మధ్య. వాటి మధ్యలో ఒక రోజు పన్నెండున్నరకు 62. సగటు ఎక్కువగా ఉన్న మనిషికి లో షుగర్ కూడా వస్తోందంటే తినేది ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నతో పని జరగదు. పూటకూ పూటకూ తేడా ఎంత అని అడగాలి.

ఆమె చెప్పుకున్నది మాత్రం అంకెల గురించి కాదు. "పొద్దున లేస్తూనే ఏం వండాలా అని గుండె దడ మేడం. నాకొక వంట, వాళ్లకొక వంట. రాత్రికి నాది నాకే తినబుద్ధి కాదు. వాళ్లది మిగిలితే పారేయబుద్ధి కాదు."

సగం జవాబు ఈ మాటల్లోనే ఉంది. అది తెలుసుకోవడానికి మాకు రెండు వారాలు పట్టింది.

అంతకుముందు చేసి చూసినవి

మే నుంచి జులై దాకా ఒక అచ్చు చార్టు పాటించారు. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రెండు చపాతీలు, ఉడికించిన కూరగాయలు, రాత్రి మళ్లీ రెండు చపాతీలు. అన్నం లేదు, మజ్జిగన్నం అసలే లేదు. హెచ్‌బీఏ1సీ 7.8కి దిగింది కాబట్టి చార్టు పనిచేయలేదనడం అన్యాయం. మూడు నెలల తర్వాత కూడా బతికే చార్టు కాదది, అంతే. శ్రావణ శుక్రవారాలు మొదలయ్యాయి. నైవేద్యానికి చేతులారా పులిహోర కలిపి, బొబ్బట్లు వత్తి, తాను ఓట్స్ తిని కూర్చోవడం మొదటి శుక్రవారం కుదిరింది, రెండోదానికి కుదరలేదు. చార్టులో పండగకు గడి లేదు. ఒకసారి తప్పాక "ఎలాగూ తప్పాను కదా" అన్న ఆలోచన మిగతా వారాన్ని కూడా మింగేసింది. దీన్ని మనోబలం లోపంగా చూడటం తప్పు. ఏడు రోజులూ ఒకే తిండి అనే ఏర్పాటు ఒక్క రోజు తేడాను కూడా తట్టుకోదు.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దీనికి పూర్తి ఎదురుదారి. వీడియోలు చూసి రోజుకో చిరుధాన్యం: సోమవారం కొర్రలు, మంగళవారం అరికెలు, బుధవారం రాగి ముద్ద, ఒక పొద్దున రాగి జావ, ఇంకో పొద్దున ఉత్త మొలకలు. విసుగు పోయింది, షుగర్ మాత్రం పట్టు తప్పింది. నోటుపుస్తకంలో రాసుకున్న అంకెల్లో రెండు సందర్భాలు చూపిస్తే చాలు.

రాగి ముద్ద తిన్న రోజు, తిన్నాక రెండు గంటలకు షుగర్ 247. "రాగి షుగర్‌కి మంచిది కదా" అన్నది ఆమె ప్రశ్న. మరుసటి వారం ఇంట్లో ఎప్పటిలాగే ముద్ద చేసి తూకం వేయమన్నాం. ముద్ద 310 గ్రాములు. అందులోకి వెళ్లిన పిండి 110 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగిలో పిండిపదార్థం సుమారు 67 గ్రాములు. అంటే ఒక్క ముద్దలో 74. తర్వాత మేం పూటకు కొలిచి పెట్టిన అన్నంలో ఉన్నదానికి అది రెండింతలు. రాగిలో పీచు, కాల్షియం ఎక్కువే. కానీ ముద్ద నమలకుండా మింగే తిండి. ఎంత తిన్నామో నోటికి తెలియదు. బెంగళూరులో రాగి ముద్ద, సొప్పు సారు (ఆకుకూరల చారు) మంచి భోజనమే, ముద్ద సైజు ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే విషయం.

రెండోది 62 వచ్చిన రోజు. ఆ పొద్దున గుప్పెడు మొలకలు తిని గ్లిమెపిరైడ్ వేసుకున్నారు. ఈ మందు తిండి వచ్చినా రాకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. మొలకలు మంచివే, కానీ ఆ మాత్రకు సరిపడా పిండిపదార్థం అందులో లేదు. చెమటలు పట్టి చేతులు వణికినప్పుడు ఆమె తిన్నది మిల్లెట్ బిస్కెట్లు. అది కూడా తప్పే. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి గానీ మూడు టీస్పూన్ల చక్కెర గానీ నీళ్లలో కలుపుకుని తాగాలి, పావుగంటకు మళ్లీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి. పీచు, కొవ్వు ఉన్నవి ఆ సమయంలో ఆలస్యంగా పనిచేస్తాయి. ఈ సంగతి అదే రోజు ఆమె డాక్టరుకు రాసి పంపాం. మాత్ర మార్చాలా వద్దా అన్నది వారి నిర్ణయం.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చలేదు

ఆమెకు ఇది నచ్చలేదు. వెంటనే కొత్త చార్టు కావాలన్నారు. కానీ ఏ పూట తప్పుతోందో తెలియకుండా మార్పులు చేస్తే మూడో వైఫల్యానికి పునాది వేసినట్టే. రోజుకు వేలు గుచ్చి షుగర్ చూసే స్ట్రిప్పులు రెండే: ఒక పూట తినే ముందు ఒకటి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న దగ్గర్నుంచి లెక్కేసి రెండు గంటలకు ఒకటి. ఇవాళ టిఫిన్, రేపు మధ్యాహ్నం, ఎల్లుండి రాత్రి. వారానికి ఆరు రోజులు. రెండు వారాల్లో 24 స్ట్రిప్పులు, పూటకు నాలుగు జతలు.

చూసింది అసలు అంకె కన్నా రెండింటి మధ్య తేడాను. పరగడుపున 160 ఉన్న మనిషికి తిన్నాక 205 వస్తే ఆ టిఫిన్ చెడ్డదేమీ కాదు, పెరిగింది 45 మాత్రమే. తేడా 50, 60 లోపు ఉంటే ఆ పూటను ముట్టుకోనక్కర్లేదు. తిన్నాక 180 లోపు ఉండాలన్న లక్ష్యం దానంతటదే తర్వాత దగ్గరవుతుంది.

ఒక రోజు అంకె మరీ ఎక్కువగా, 260 దాకా వచ్చింది. ఏం చేస్తున్నారని అడిగితే, అత్తగారికి బెల్లం పాయసం కలుపుతూ మధ్యలో వచ్చి వేలు గుచ్చుకున్నారట. సబ్బుతో కడిగి, తుడుచుకుని మళ్లీ చూస్తే 174. వంట చేసేవాళ్ల వేళ్ల మీద బెల్లం, పండ్ల రసం ఉంటాయి. స్పిరిట్ దూదితో పైపైన తుడిస్తే పోకపోవచ్చు. నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

రెండు వారాల లెక్క ఇలా తేలింది. టిఫిన్‌కు సగటు పెరుగుదల 84. మధ్యాహ్నం 46. రాత్రి ఒక రోజు 30, ఒక రోజు 120. మధ్యాహ్నం భోజనం గురించే ఆమె అన్నిటికన్నా ఎక్కువ భయపడుతూ వచ్చారు. అక్కడ సమస్యే లేదు.

రాత్రి ఎందుకిలా చెదిరిందో అడిగితే మొదటి రోజు మాట మళ్లీ వచ్చింది. ఎనిమిదికి తన రెండు చపాతీలు తినేవారు. భర్త పదింటికి వచ్చి తిన్నాక గిన్నెలో రెండు గరిటెల అన్నం మిగిలితే గిన్నె కడిగే ముందు అది కూడా తినేవారు. నోటుపుస్తకంలో "2 చపాతీ, కూర" అనే ఉంది. అబద్ధం కాదది. గిన్నెలో మిగిలింది తినడాన్ని మన ఇళ్లలో తినడంగా ఎవరూ లెక్కపెట్టరు.

మేం ఇచ్చి విఫలమైనది

మొదట పద్నాలుగు రోజుల మెనూ రాసిచ్చాం. రకాలు ఉన్నాయి, కొలతలు ఉన్నాయి, చూడటానికి బాగుంది. పదో రోజుకల్లా పక్కన పెట్టేశారు. కారణం సులువు: ఆమె మెనూ చూసి కూరగాయలు కొనరు. బండి మీద ఏం లేతగా వచ్చిందో, హాప్‌కామ్స్ (సహకార కూరగాయల దుకాణం)లో ఏం చవకగా ఉందో చూసి ఆ రోజు కూర అనుకుంటారు. మెనూలో గురువారం బీరకాయ రాసి ఉంటే, బండి మీద సొరకాయ ఉంటుంది. వంట వచ్చిన మనిషికి రోజువారీ వంటకాల పేర్లు రాసివ్వడం ఆమెకున్న నైపుణ్యాన్ని పక్కన పెట్టడమే. అప్పుడు పేర్లు తీసేసి గడులు మిగిల్చాం.

పనిచేసినది

స్థిరంగా ఉండాల్సినవి రెండే అని తేల్చుకున్నాం: తినే వేళ, పచ్చి గింజ తూకం. మిగతాదంతా ఆమె ఇష్టం.

గింజ తూకమే ఎందుకంటే, షుగర్‌ను ఎక్కువగా కదిలించేది అదే. పైగా వండాక పోల్చడం కష్టం. అన్నం నీళ్లు పీల్చి పెరుగుతుంది, పుల్కా పెరగదు, ముద్ద రెండింతలు దాటుతుంది. వండకముందు చూస్తే తేడాలు చిన్నవి. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 దాకా ఉంటే జొన్నలో 68, రాగిలో 67, కొర్రల్లో 60 ప్రాంతం. కాబట్టి పూటకు బియ్యమైతే 45 గ్రాములు, మిగతా ఏ ధాన్యమైనా 50. అన్నం అయ్యాక అది సుమారు 125 గ్రాములు. గోధుమ పిండైతే రెండు పుల్కాలు, రాగి అయితే పెద్ద నిమ్మకాయంత ముద్దలు రెండు. ధాన్యం ఏదైనా మార్చుకోవచ్చు, తూకం మారదు. రెండో ప్రయత్నంలో "రోజుకో చిరుధాన్యం" అన్నది తప్పు కాదు, తూకం లేకుండా చేయడమే తప్పయింది.

తూకం యంత్రం వారం రోజులే వాడారు. తర్వాత ఇంట్లో ఉన్న ఒక చిన్న స్టీలు గిన్నెలో 50 గ్రాముల రాగి పిండి పోసి, ఎక్కడిదాకా వచ్చిందో చూసి అక్కడ మేకుతో గీత గీయించాం. అన్నానికి ఒక గిన్నె, పిండికి ఒక గిన్నె. కంటి అంచనా నెల రోజుల్లో మెల్లగా పెరుగుతుంది, గీత పెరగదు. అందుకే గీత.

దుంపలు గింజల కింద లెక్క. వంద గ్రాముల ఆలూ వేపుడు తింటే ఆ పూట అన్నం సగమే. చామ, కంద, చిలగడ దుంపకూ అంతే. కూరగాయల్లో దీనికొక్కదానికే కట్టుబాటు. బీర, సొర, పొట్ల, కాకర, దొండ, గోరుచిక్కుడు, బెంగళూరు వంకాయ, నూల్‌కోల్... ఏదైనా సరే, కప్పుకు తగ్గకుండా. పప్పు ఒక గరిటె నిండుగా. డిసెంబరు, జనవరి నెలల్లో ఊరంతా అనపకాయలే కాబట్టి పితికిపప్పు వారానికి రెండుసార్లు వచ్చింది. ఆ రోజు విడిగా పప్పు వద్దన్నాం, అదే పప్పు. నూనె మనిషికి నెలకు అర లీటరు, నలుగురికి కలిపి రెండు లీటర్లు నెల మొదట్లోనే వేరే డబ్బాలో పోసిపెట్టుకోవడం.

మజ్జిగన్నం గురించి విడిగా చెప్పాలి. మొదటి చార్టు కూలడానికి పండగ ఎంత కారణమో ఇదీ అంత కారణం. మజ్జిగతో ముగియని భోజనం తెలుగు మనిషికి భోజనం కాదు. కడుపు నిండినా ముగిసినట్టు అనిపించదు. ఆ వెలితితోనే నాలుగింటికి మురుకుల డబ్బా తెరిచేవారు. 125 గ్రాముల అన్నాన్ని వడ్డించేటప్పుడే రెండుగా విడగొట్టించాం: 85 పప్పూ కూరలతో, 40 మజ్జిగతో. ముందు కంచంలో కూరో, పెసరపప్పు కోసంబరో సగం కప్పు తిని, ఆ తర్వాతే అన్నం. పీచు, ప్రొటీన్ ముందు వెళితే అన్నం వల్ల వచ్చే పెరుగుదల నెమ్మదిస్తుంది. సాయంత్రం గుగ్గిళ్లో, 30 గ్రాముల వేయించిన శనగలో. మురుకులు ఎవరూ నిషేధించకుండానే తగ్గాయి.

టిఫిన్‌ను మాత్రం కావాలనే విసుగ్గా ఉంచాం. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి కాబట్టి అదే కొలత పొద్దున ఎక్కువ పెంచుతుంది. పైగా గ్లిమెపిరైడ్ వేసుకునే పూట అది, వేళా కొలతా రెండూ కదలకూడదు. ఇంకో కారణం, పొద్దున ఏడింటికి నలుగురి డబ్బాలు కడుతూ ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. రెండే రకాలు. సోమ, శనివారాలు గుడ్డు ముట్టరు కాబట్టి ఆ రోజుల్లో 50 గ్రాముల పెసలతో పెసరట్లు, బియ్యం కలపకుండా. మిగతా రోజుల్లో ఇంట్లో చేసిన చిన్న ఇడ్లీలు రెండు, ఒక గుడ్డు, ముక్కలెక్కువ సాంబారు. ఎనిమిదింబావుకు. ఆదివారం ఇంటిల్లిపాదికీ ఏది చేస్తే అదే, గీత గిన్నెలో మూడొంతులు. టిఫిన్‌కు వైవిధ్యం కావాలని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. విసుగు పుట్టేది మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో. రకాలన్నీ అక్కడికి తరలించాం.

రాత్రికి వంట ఒకటే. కూర, పప్పు అందరికీ అవే, గింజలో మాత్రమే తేడా. అత్తగారికి మెత్తటి అన్నం, కొడుక్కి ఎన్ని కావాలంటే అన్ని చపాతీలు. మిగులు సమస్యకు ఉపదేశం పనికిరాదని తేలిపోయింది. ఆమె తినడానికి కూర్చోకముందే భర్త వాటా డబ్బాలో సర్ది మూత పెట్టడం, మిగిలిన అన్నం గిన్నెలో ఉండకుండా ఫ్రిజ్‌లోకి వెళ్లడం, గిన్నె కడగడం కొడుకు పని. చివరిదానికే అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది, అన్నిటికన్నా ఎక్కువ ఫలితమూ దానిదే. రాత్రి పెరుగుదల మూడు వారాల్లో 40, 60 మధ్యకు వచ్చి నిలిచింది. ఫ్రిజ్ అన్నంలో షుగర్ ఉండదని ఎవరో చెప్పారట. చల్లారిన అన్నంలో అరగని పిండి కొంచెం పెరిగే మాట నిజమే, కానీ కొలత తగ్గించేంత కాదు. ఆమె స్ట్రిప్పుల్లో తేడా కనిపించలేదు, పూర్తి లెక్కే వేశాం.

మార్పులు వారానికి ఒకటే. మొదటి వారం టిఫిన్, రెండో వారం గిన్నె పని, మూడో వారం భోజనం తర్వాత పావుగంట నడక. ఒకేసారి మూడూ మారిస్తే ఏది పనిచేసిందో స్ట్రిప్ చెప్పలేదు.

ఫలితం, పండగలు

మార్చిలో హెచ్‌బీఏ1సీ 7.4, జులైలో 7.0. మూడు నెలలకు ముందు చూడలేదు. ఎర్ర రక్తకణాల ఆయుష్షు దాదాపు 120 రోజులు, తొందరపడి చూస్తే పాత నెలల తిండే కనిపిస్తుంది. బరువు 64.5. పరగడుపు అంకె 110, 125 మధ్యకు రావడంతో ఏప్రిల్ చివర డాక్టరు గ్లిమెపిరైడ్ ఆపేశారు. ఆ తర్వాత లో షుగర్ రాలేదు. అప్పటినుంచి టిఫిన్ వేళలో అరగంట అటూ ఇటూ అయినా ఇబ్బంది లేకపోయింది. మందు మారితే తిండి కట్టుబాటు కూడా మారాలి, పాతదాన్నే పట్టుకుని ఉండనవసరం లేదు.

ఉగాదికి బొబ్బట్టును ముందే లెక్కలో పెట్టాం. ఇంట్లో చేసింది 70 గ్రాములు. పిండి, శనగపప్పు పూర్ణం, బెల్లం కలిపి పిండిపదార్థం 40 గ్రాముల దగ్గర. ఒక పూట గింజంతా అదే. కాబట్టి ఆ పూట అన్నం లేదు. ముందు కూర, పప్పు, చివర్న ఒక బొబ్బట్టు, తర్వాత నడక. పెరుగుదల 71. కొంచెం ఎక్కువే, కానీ పోయినేడు శ్రావణంలో అన్నంతో పాటు తిన్న రోజు ఆమె పుస్తకంలో ఉన్నది 130. మామిడికీ ఇదే పద్ధతి: వంద గ్రాముల ముక్కల్లో 15 గ్రాముల దాకా పిండిపదార్థం, అన్నంలోంచి 50 గ్రాములు తీసి ఆ చోట. రసం తీసి తాగడం మాత్రం వద్దన్నాం, గ్లాసులోకి రెండు మూడు పండ్లు తెలియకుండా వెళ్లిపోతాయి.

బయట తినడం ఈమెకు తక్కువ కాబట్టి దాని మీద ఎక్కువ పని చేయలేదు. దర్శినికి (నిలబడి తినే చిన్న హోటల్) వెళితే పళ్లెమంత తట్టె ఇడ్లీ ఒకటే, బరువులో అది ఇంటి ఇడ్లీలు రెండున్నర, మూడింటికి దగ్గర. ఉప్మా, కేసరి జంటగా వచ్చే చౌచౌ బాత్‌లో కేసరి బాత్ పక్కవాళ్లకు.

ఇలాంటి కేసు చూసే తోటివాళ్లకు

"ఏం తింటున్నారు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబులో వంట చేసేవాళ్ల తిండి సగమే ఉంటుంది. "గిన్నె ఎవరు కడుగుతారు, కడిగే ముందు అందులో ఏముంటుంది" అని అడగండి. గ్లిమెపిరైడ్ లాంటి సల్ఫొనైల్‌యూరియా మాత్ర వేసుకుంటున్నవాళ్లకు రకాలు మార్చమనే ముందు ఏ పూట మార్చకూడదో చెప్పండి. చిరుధాన్యాల పేర్ల మీద కన్నా గిన్నె మీద గీత మీద ఎక్కువ సేపు మాట్లాడండి. ఇంట్లో ఇంకెవరి పనైనా మారకుండా పేషెంటు తిండి ఒక్కటే మారాలని ఆశించకండి.

జులై సందర్శనకు ఆమె ఒక కాగితం తెచ్చారు. శ్రావణ మాసం శుక్రవారాలు వరసగా రాసి, ఎదురుగా నైవేద్యం, దాని పక్కన ఆ పూట అన్నం. పులిహోర రోజు: గీత గిన్నెడు బియ్యంతోనే పులిహోర, వేరే అన్నం లేదు, మజ్జిగ ఉత్తగా. బొబ్బట్టు రోజు: ఒకటి, అన్నం లేదు. గుగ్గిళ్ల రోజు: మామూలు కొలతే. వరలక్ష్మీ వ్రతం ఎదురుగా మాత్రం ఖాళీ వదిలారు. ఆ రోజు తొమ్మిది రకాలు చేస్తారట, అందులో తాను ఏ రెండు తినాలో ఇంకా తేల్చుకోలేదట. ఆ రోజుకని నాలుగు స్ట్రిప్పులు విడిగా తీసిపెట్టుకున్నారు.